దాయాదుల పోరులో మూడో చేయి: యోగైలా, వీటౌటాస్, ట్యుటానిక్ సంఘం

గోదావరిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. క్రూసేడుల మీద మనం జరిపే చర్చలు జెరూసలేం దగ్గర మొదలై 1291లో ఆక్రా పతనంతో ముగిసిపోతుంటాయి. ఆ తరువాత కూడా వంద సంవత్సరాలకు పైగా బాల్టిక్ తీరపు అడవుల్లో, బురదనేలల్లో అదే శిలువ గుర్తు కింద యుద్ధం సాగిందన్న సంగతి నాకు ఈ మధ్యనే తెలిసింది. తెల్లని అంగీ మీద నల్లని శిలువ ధరించిన ట్యుటానిక్ సోదరయోధులు ప్రష్యాను జయించి, సొంత రాజ్యం కట్టుకుని, పొరుగున ఉన్న లిథువేనియా మీద ఏటా దండెత్తేవారట. ఇంతవరకు అర్థమయింది. అయితే 1387లో లిథువేనియా అధికారికంగా క్రైస్తవం స్వీకరించింది. 1410లో పోలండు, లిథువేనియా సేనలు కలిసి ఈ సంఘాన్ని ఓడించిన గ్రూన్‌వాల్డ్ యుద్ధం జరిగింది. అన్యమతస్థులతో పోరాడటమే తమ ధర్మమని చెప్పుకునే సంఘం, బాప్తిస్మం పొందిన దేశంపై ఈ ఇరవై మూడేళ్ళూ ఏ ముఖంతో యుద్ధం చేసింది? దీనికి పోప్ అభ్యంతరం చెప్పలేదా? తెలిసినవారు వివరించగలరు.

పాతకోట:
మంచి ప్రశ్న వేశారు. జవాబుకు ముందు ఆ సంఘం స్వభావం కొంత తెలియాలి. అది పుట్టినప్పుడు యోధసంఘమే కాదు. 1190లో ఆక్రా ముట్టడి జరుగుతుండగా బ్రెమెన్, ల్యూబెక్ నగరాల వర్తకులు ఓడ తెరచాపను పందిరిగా వేసి, గాయపడిన జర్మన్లకు నడిపిన వైద్యశాల అది. 1198లో యోధసంఘంగా మారింది. 1211లో హంగరీ రాజు రెండవ ఆండ్రూ ట్రాన్సిల్వేనియా సరిహద్దును కాపాడమని వారికి భూమి ఇచ్చి, వారు తన మాట వినకుండా సొంత రాజ్యంలా వ్యవహరించడం చూసి, 1225లో సైన్యంతో వెళ్ళగొట్టాడు.

సరిగ్గా అదే సమయానికి పోలండులోని మజోవియా ప్రాంతపు డ్యూక్ కొన్రాడ్ ప్రష్యన్ తెగల దాడులు తట్టుకోలేక వారిని రమ్మన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఒకసారి గెంటించుకున్నవాడు రెండోసారి కాగితం లేకుండా గడప తొక్కడు కదా! అప్పటి గ్రాండ్ మాస్టర్ (సంఘాధిపతి) హెర్మన్ ఫాన్ జాల్ట్సా చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ దగ్గర స్వర్ణముద్ర శాసనం సంపాదించాడు. దాని మీద 1226 అని ఉన్నా, అది నిజంగా 1235 నాటిదని వాదించే పండితులు ఉన్నారు. 1234లో పోప్ తొమ్మిదవ గ్రెగరీ నుంచి మరో పత్రం వచ్చింది. జయించబోయే నేల పోలిష్ డ్యూక్‌ది కాదు, సంఘానిది, దానిపై రక్షకుడు పోప్ అన్నది వాటి సారాంశం. 1308లో గ్డాన్స్క్ నగరాన్ని బ్రాండెన్‌బర్గ్ వారి నుంచి విడిపించమని పోలిష్ పక్షం పిలిస్తే, విడిపించి తామే ఉంచుకున్నారు. మరుసటి ఏడాది గ్రాండ్ మాస్టర్ వెనిస్ నుంచి మకాం ఎత్తి మరియెన్‌బుర్గ్ కోటకు వచ్చేశాడు. ఏకు మేకవడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

నాలుగోగుర్రం:
పాతకోట గారు పోలండు వైపు చెప్పారు. అసలు కీలకం లిథువేనియా రాజకుటుంబంలో ఉందని నా అభిప్రాయం. అక్కడ జరిగింది అచ్చమైన దాయాదుల పోరు.

లిథువేనియా పాలకుడు గెడిమినాస్ కొడుకుల్లో ఇద్దరు, ఆల్గిర్డాస్, కేస్టూటిస్, 1345లో మరో సోదరుణ్ణి దించి అధికారం పంచుకున్నారు. ఆల్గిర్డాస్ విల్నియస్‌లో ఉండి తూర్పున రష్యన్ సంస్థానాల వైపు విస్తరించాడు. కేస్టూటిస్ ట్రాకైలో ఉండి పడమటి సరిహద్దులో ట్యుటానిక్ సంఘాన్ని ఎదుర్కొన్నాడు. అన్నదమ్ములు బతికి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు చెదరలేదు. 1377లో ఆల్గిర్డాస్ చనిపోయి అతని కొడుకు యోగైలా గద్దె ఎక్కిన తరువాత బాబాయికీ అబ్బాయికీ మధ్య పొరపొచ్చాలు మొదలయ్యాయి. 1380లో యోగైలా ట్యుటానిక్ సంఘంతో రహస్య ఒప్పందం చేసుకున్నాడు: సంఘం కేస్టూటిస్ భూముల మీద పడితే తాను అడ్డురాడు. ఆ సంగతిని కేస్టూటిస్ చెవిన వేసినవాడు ఎవరో తెలుసా? అదే సంఘానికి చెందిన ఒక కోటాధిపతి, ఒస్టెరోడె కోమ్టూరు గుంథర్. కేస్టూటిస్ కూతురి బాప్తిస్మంలో జ్ఞానపితగా నిలిచిన చుట్టరికం అతనిది. శత్రువుల మధ్య ఇలాంటి బంధుత్వాలు ఉండేవి, అందుకే ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా మాత్రమే చూస్తే సగం కథ జారిపోతుంది.

కేస్టూటిస్ 1381లో విల్నియస్ పట్టుకున్నాడు. 1382లో యోగైలా దాన్ని తిరిగి సాధించి, మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, బాబాయినీ అతని కొడుకు వీటౌటాస్‌నూ బంధించాడు. కేస్టూటిస్‌ను క్రేవా కోటకు తీసుకువెళ్ళారు, వారం తిరగకుండా అతను శవమై కనిపించాడు. ఉరి వేసుకున్నాడని యోగైలా మనుషులు చెప్పారు, ఎవరూ నమ్మలేదు. వీటౌటాస్‌ను చూడటానికి భార్య ఆన్నాను అనుమతించేవారు. ఒక రాత్రి ఆమె దాసి బట్టలు అతను కట్టుకుని కావలివాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళిపోయాడు. ఆ దాసి అతని మంచం మీదే ఉండిపోయింది.

అక్కడి నుంచి అతను చేరినది మజోవియా, ఆ తరువాత తండ్రికి జీవితాంతం శత్రువైన ట్యుటానిక్ సంఘం.

మల్లెపందిరి:
చిన్న చేర్పు. సంఘం దగ్గరికి వెళ్ళిన వీటౌటాస్ 1383లో వీగాండ్ అనే పేరుతో క్యాథలిక్ బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడాది యోగైలాతో రాజీపడి, తాను ఆశ్రయం పొందిన కోటలనే తగలబెట్టి ఇంటికి వచ్చి, ఆర్థోడాక్స్ పద్ధతిలో అలెగ్జాండర్ అయ్యాడు. 1386లో క్రాకోలో మళ్ళీ క్యాథలిక్‌గా బాప్తిస్మం పొందాడు. మూడేళ్ళలో మూడు బాప్తిస్మాలు. ఆ కాలంలో మతమార్పిడి రాజకీయ ఒడంబడికకు వేసే సంతకం లాంటిదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

గోదావరిగట్టు:
అయితే నాలుగోగుర్రం గారూ, తండ్రిని పోగొట్టుకున్నవాడు రెండేళ్ళకే ఎలా రాజీపడ్డాడు? ఆ రాజీ నిలిచిందా?

నాలుగోగుర్రం:
నిలవలేదు. యోగైలాకు ఆ రాజీ అవసరమైంది, ఎందుకంటే అతని దృష్టి పోలండు సింహాసనం మీద ఉంది. వీటౌటాస్‌కు తండ్రి రాజధాని ట్రాకై తిరిగి రావాలి. అది మాత్రం యోగైలా తమ్ముడు స్కిర్గైలా చేతుల్లోనే ఉండిపోయింది. దాంతో 1389 చివర్లో వీటౌటాస్ విల్నియస్ పట్టుకోబోయి విఫలమై, 1390లో మళ్ళీ సంఘం ఆశ్రయానికే పోయాడు. ఈసారి సోదరయోధులు తెలివి తెచ్చుకున్నారు: భార్యనూ, తమ్ముడు జిగిమాంటాస్‌నూ, మరికొందరు బంధువులనూ పూచీగా పెట్టమన్నారు. ఆ ఏడాది విల్నియస్‌ను ఐదు వారాలు ముట్టడించారు. ఆ ముట్టడిలో మూడు వందల మంది మనుషులతో వచ్చి పాల్గొన్న ఒక ఆంగ్ల యువప్రభువు తొమ్మిదేళ్ళ తరువాత నాలుగవ హెన్రీగా ఇంగ్లండు రాజయ్యాడు.

1392లో యోగైలా తరఫున మజోవియా రాజవంశానికే చెందిన ప్లొట్స్క్ బిషప్ హెన్రీ రాయబారిగా వచ్చాడు. బయటికి చెప్పిన పని వేరు. లోపల అతను వీటౌటాస్‌తో మాట్లాడినది లిథువేనియా పాలన మొత్తం నీకే ఇస్తారన్న కబురు. ఆ రాయబారంలోనే సదరు బిషప్ వీటౌటాస్ చెల్లెలిని ప్రేమించి, మతపదవి వదిలి పెళ్ళి చేసుకున్నాడన్నది వేరే సంగతి. వీటౌటాస్ రెండోసారి సంఘం కోటలు కాల్చి ఇంటిదారి పట్టాడు. జిగిమాంటాస్ మాత్రం 1398 దాకా బందీగానే మిగిలిపోయాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే: ట్యుటానిక్ సంఘం అసలు ఆయుధం కత్తి కాదు, ఆశ్రయం. దాయాది ఎవరు అలిగి వచ్చినా తలుపు తీయడం, సైన్యం ఇవ్వడం, బదులుగా జెమైటియా అనే సముద్రతీర ప్రాంతాన్ని రాయించుకోవడం. యోగైలా 1382లో అది రాసిచ్చాడు. వీటౌటాస్ 1384లో ఇచ్చాడు, 1390లో ఇచ్చాడు, 1398లో మళ్ళీ ఇచ్చాడు. ప్రష్యాకూ లివోనియాకూ మధ్య ఉన్న ఆ నేల దక్కితే సంఘం రెండు రాజ్యభాగాలు భూమార్గంలో కలిసిపోతాయి. అంతమంది అన్నిసార్లు దానం చేసిన ఆ నేల మీద బతికే జెమైటియన్ రైతులను మాత్రం ఎవరూ అడగలేదు.

పాతకోట:
ఆశ్రయమే ఆయుధమన్న మాట బాగుంది గానీ, దానితో పూర్తిగా ఏకీభవించలేను. సంఘానికి కత్తి చాలా పదునైనదే, ఆ కత్తిని పట్టింది ఎక్కువగా పరాయి చేతులు. ప్రష్యాలో సోదరయోధుల సంఖ్య మహా అయితే కొన్ని వందలు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టిన ఆ కొద్దిమంది పరిపాలించేవారు. దండయాత్రకు కావలసిన మనుషులు ఇంగ్లండు, ఫ్రాన్సు, బర్గండీ, బొహీమియాల నుంచి స్వంత ఖర్చులతో వచ్చేవారు. వాటిని జర్మన్‌లో 'రైజె' అనేవారు, అంటే యాత్ర. అందరూ కోనిగ్స్‌బర్గ్‌లో చేరేవారు. సంఘానికి మేరీమాత అధిదేవత కనుక యాత్రలు తరచు ఆమె పండుగలకే, ఫిబ్రవరి 2కూ ఆగస్టు 15కూ, ముహూర్తం పెట్టుకునేవి. వచ్చిన ప్రభువుల్లో ఘనులను ఎంచి 'గౌరవపు బల్ల' దగ్గర విందుకు కూర్చోబెట్టేవారు. ఆ బల్ల దగ్గర చోటు దొరికిందని యూరప్ అంతా చెప్పుకోవచ్చు.

ఇక ఆ యాత్రల్లో అసలు సేనాపతి వాతావరణం. ప్రష్యాకూ లిథువేనియాకూ నడుమ అడవి, బురదనేల. చలికాలంలో నేల గడ్డకడితేనే గుర్రాలు దాటగలవు. మంచు మరీ ఎక్కువైనా, చలి చాలక బురద మెత్తగా ఉన్నా యాత్ర ఆగిపోయేది, ప్రభువులు కోనిగ్స్‌బర్గ్‌లో తిని తాగి ఇళ్ళకు పోయేవారు. 1384 నుంచి 1402 వరకు సంఘం వేగులూ దారి చూపేవాళ్ళూ చెప్పినవి విని రాసిపెట్టుకున్న వంద దారుల వివరాలు నేటికీ మిగిలి ఉన్నాయి. ఏ రోజు రాత్రి ఎక్కడ మకాం వేయవచ్చు, ఏ వాగుకు వంతెన కట్టాలి, గుర్రాలకు గడ్డి ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులో ఉంటాయి. అవి చదువుతుంటే మతయుద్ధం గుర్తు రాదు, బండ్లు తోలే వ్యాపారి పద్దు గుర్తొస్తుంది. లిథువేనియన్లు కూడా ఊరకే కూర్చోలేదు, వారూ ప్రష్యా మీద పడి ఊళ్ళు కాల్చి మనుషులను పట్టుకుపోయేవారు. ఇది ఒకవైపు దౌర్జన్యమే అని రాస్తే తప్పవుతుంది.

మల్లెపందిరి:
గోదావరిగట్టు గారి అసలు ప్రశ్న దారి తప్పుతోంది కనుక అక్కడికి వస్తాను.

1385 ఆగస్టు 14న క్రేవాలో, అంటే కేస్టూటిస్ చనిపోయిన ఆ కోటలోనే, యోగైలా పోలిష్ ప్రతినిధులకు ఒక పత్రం రాసిచ్చాడు: బాప్తిస్మం పొందుతాను, లిథువేనియాను పోలండు కిరీటానికి జోడిస్తాను, పోలండు సింహాసనం మీదున్న యడ్విగాను పెళ్ళాడతాను. యడ్విగా అప్పటికే రాజ్యాభిషేకం పొంది ఉంది, అదీ రాణిగా కాదు, 'రాజు' అన్న బిరుదుతో, పది పదకొండేళ్ళ వయసులో. ఆమెకు చిన్ననాడే హాబ్స్‌బర్గ్ వంశపు విలియంతో సంబంధం ఖాయం చేసి ఉంచారు, అది రద్దయింది. 1386 ఫిబ్రవరి 15న యోగైలా బాప్తిస్మంతో వ్లాదిస్లావ్ అయ్యాడు, మూడు రోజులకు పెళ్ళి, మార్చి 4న పట్టాభిషేకం.

ట్యుటానిక్ సంఘానికి ఈ పెళ్ళి పిడుగుపాటు. వారు తీసుకున్న వైఖరి ఇది: ఈ బాప్తిస్మం కపటం, కిరీటం కోసం వేసిన వేషం, లిథువేనియా రాజ్యంలో ఎక్కువమంది ఆర్థోడాక్సులు కనుక విభేదకులు (పోప్ అధికారాన్ని ఒప్పుకోని క్రైస్తవులు), జెమైటియన్లు ఇంకా చెట్లకూ నిప్పుకూ మొక్కుతున్నారు, యోగైలా టాటార్లతో స్నేహం చేస్తున్నాడు. అన్నీ పూర్తిగా అబద్ధాలు కావు, అందుకే ఆ వాదం జర్మన్, ఫ్రెంచి దర్బారుల్లో చాలాకాలం చెల్లింది. పైగా విల్నియస్ యాత్రకు నాయకుడిగా లిథువేనియా రాజవంశీకుడే, అదీ బాప్తిస్మం పొందిన వీటౌటాసే, ముందు నడిస్తే, ఇది మతయుద్ధం కాదు, హక్కుదారుకు హక్కు ఇప్పించడం అనవచ్చు. ఇక్కడ నాలుగోగుర్రం గారి మాట నిజం. సంఘం మతకారణం బలహీనపడిన కొద్దీ దాయాది కారణం అవసరమైంది. 1392లో ఆ దాయాది కూడా చేజారాడు.

పోప్ సంగతి అడిగారు. తొమ్మిదవ బోనిఫేస్ 1403లో లిథువేనియా మీద యుద్ధం చేయరాదని సంఘాన్ని ఆజ్ఞాపించాడు. అప్పటికి రోములో ఒక పోప్, అవిన్యోలో ఒక పోప్ ఉన్నారు. ఇద్దరు పోప్‌లున్న కాలంలో ఒకరి ఆజ్ఞకు ఉండే బరువు ఎంతో మీరే ఊహించండి.

గోదావరిగట్టు:
నా సందేహం చాలావరకు తీరింది. మరి గ్రూన్‌వాల్డ్‌కు తక్షణ కారణం?

మల్లెపందిరి:
ఆ జెమైటియాయే. 1409లో అక్కడి వారు సంఘంపై తిరగబడ్డారు, వీటౌటాస్ చాటుగా సాయం చేశాడు. సంఘం పోలండును బెదిరించి, ఆగస్టులో యుద్ధం ప్రకటించింది. బొహీమియా రాజు వెన్సెస్లాస్ మధ్యవర్తిత్వంతో 1410 జూన్ 24 వరకు సంధి కుదిరింది. ఆ వ్యవధిని రెండు పక్షాలూ ఏర్పాట్లకే వాడుకున్నాయి.

బాల్టిక్‌గాలి:
నేను గ్డాన్స్క్‌లో చదువుకుంటున్నాను, ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మరియెన్‌బుర్గ్‌ను ఇప్పుడు మాల్బోర్క్ అంటారు. గ్డాన్స్క్ నుంచి రైలులో గంట లోపే. నోగాట్ నది వంతెన మీదికి రైలు రాగానే ఎర్ర ఇటుకల గోడ కనిపిస్తుంది, అది ఎక్కడ ముగుస్తుందో కిటికీలోంచి తెలియదు. రాయి దొరకని చోట ఇంత కోటను ఇటుకతో కట్టారు.

గ్రాండ్ మాస్టర్ భవనంలో వేసవి భోజనశాల అని ఒక గది ఉంది. దాని పైకప్పు కమానులన్నీ ఒకే ఒక్క గ్రానైటు స్తంభం మీద తాటాకు గొడుగు ఊచల్లా విచ్చుకుని ఉంటాయి. 1410లో పోలిష్ సేన ముట్టడించినప్పుడు ఆ స్తంభాన్ని ఫిరంగితో కొడితే లోపల సభ చేస్తున్న నాయకులంతా ఒక్కసారిగా పైకప్పు కింద పడి చస్తారని గురిపెట్టారట. లోపలి ద్రోహి ఒకడు కిటికీలో ఎర్రటోపీ పెట్టి సంజ్ఞ చేశాడట. గుండు కొద్దిలో తప్పి గోడకు తగిలిందట. ఆ రాతిగుండు చలిమంట గూటికి పైన గోడలో ఇప్పటికీ ఉంది. కథ నిజమో కాదో గానీ, స్తంభం పక్కన నిలబడి గుండు వైపు చూస్తే దూరం రెండు మూడు బారలే అనిపిస్తుంది. ఇంకొకటి: నేలలో అక్కడక్కడ ఇత్తడి మూతలున్న రంధ్రాలు కనిపించాయి. కింద కొలిమిలో రాళ్ళు కాల్చి, మంట ఆరిపోయాక మూతలు తీస్తే పొగ లేని వేడిగాలి గదిలోకి వచ్చేదట. పేదరికపు వ్రతం పట్టినవారికి ఈ సుఖం బాగానే ఉంది.

నాలుగోగుర్రం:
ఆ గుండు కథ ముందు యుద్ధం రావాలి. సంధి గడువు ముగియగానే యోగైలా చేసిన పని ఆ కాలానికి అద్భుతం. చెర్విన్స్క్ దగ్గర విస్తులా నది మీద పడవల వంతెన వేయించాడు. దాని భాగాలు చలికాలమంతా కొజియెనిత్సె అడవిలో రహస్యంగా తయారై, నదిలో తేలుతూ అక్కడికి వచ్చాయి. జూన్ 30 నుంచి మూడు నాలుగు రోజుల్లో సేన దాటేసింది. యోగైలా, వీటౌటాస్ విడివిడిగా రెండు వైపుల నుంచి వస్తారని సంఘం ఎదురుచూస్తుండగా, ఇద్దరూ కలిసి నేరుగా మరియెన్‌బుర్గ్ దారి పట్టారు. డ్ర్వెంత్సా నది రేవులో గ్రాండ్ మాస్టర్ ఉల్రిక్ ఫాన్ యుంగింగెన్ మేకుల కంచెలు కట్టి కాచుకుని ఉంటే, అక్కడ తలపడకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు.

జూలై 15 ఉదయం, రాత్రి కురిసిన గాలివాన తరువాత, రెండు సేనలూ ఎదురుపడ్డాయి. యోగైలా తొందరపడలేదు, ఒకటి కాదు, రెండు పూజలు విన్నాడు. ఇనుప కవచాలలో ఎండలో నిలబడ్డ ఎదుటివాళ్ళకు ఓపిక నశించింది. సంఘం మార్షల్ ఫ్రీడ్రిక్ ఫాన్ వాలెన్‌రోడె ఇద్దరు దూతల చేత రెండు వరలేని కత్తులు పంపాడు, ఒకటి యోగైలాకు, ఒకటి వీటౌటాస్‌కు: మీకు కత్తులు తక్కువైతే వీటిని వాడుకోండి, చెట్ల చాటున దాక్కోకండి అని. దాయాదులిద్దరికీ చెరొకటి పంపడంలోనే ఎదుటి పక్షం బలహీనత అక్కడుందని సంఘం ఇంకా నమ్ముతున్నట్టు కనిపిస్తుంది.

కుడిపక్కన ఉన్న లిథువేనియన్ తేలిక అశ్వదళం గంటసేపు పోరాడి వెనక్కి పారిపోయింది. సోదరయోధులు వరుసలు చెదిరి వెంటపడ్డారు. అది కపట పలాయనం, టాటార్ల దగ్గర నేర్చిన ఎత్తుగడ. యుద్ధం అక్కడే గెలిచారు.

పాతకోట:
అంత ధీమాగా చెప్పకండి. ఆ యుద్ధాన్ని విపులంగా రాసిన యాన్ డ్లుగోష్ వారు నిజంగానే ఓడి పారిపోయారని రాశాడు, ఆయన తండ్రి ఆ యుద్ధంలో ఉన్నవాడు. లిథువేనియన్లలో కొందరు విల్నియస్ దాకా ఆగకుండా పోయారని కూడా అంటాడు.

నాలుగోగుర్రం:
డ్లుగోష్ పోలిష్ మతాధికారి, లిథువేనియన్లంటే ఆయనకు చిన్నచూపు, రాసిందీ కొన్ని దశాబ్దాల తరువాత. స్వీడన్ చరిత్రకారుడు స్వెన్ ఎక్‌డాల్ 1963లో ప్రకటించిన లేఖను చూడండి. యుద్ధం జరిగిన మూడు నాలుగేళ్ళకు సంఘాధిపతికి ఎవరో రాసిన హెచ్చరిక అది: శత్రువు కొన్ని దళాలను కావాలని వెనక్కి పరిగెత్తించవచ్చు, పెద్ద యుద్ధంలో జరిగినట్టే జరుగుతుంది, మనవాళ్ళను వరుస తప్పనివ్వకండి అని. ఓడిపోయిన పక్షం తమలో తాము రాసుకున్న మాటకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

పాతకోట:
ఆ లేఖ గట్టిదే, కాదనను. కానీ అది 'కొన్ని దళాలు' అంటోంది, కుడిపక్క మొత్తం కాదు. కొందరు ఎత్తుగడగా, మరికొందరు నిజంగా పారిపోయి ఉండవచ్చు. గుర్రం మీద ఉన్నవాడికే ఆ క్షణంలో తేడా తెలుస్తుందా అన్నది నా అనుమానం. లిథువేనియా పక్షాన ఉన్న స్మొలెన్‌స్క్ దళాలు మాత్రం కదలకుండా నిలిచాయి, ఆ విషయంలో డ్లుగోష్ కూడా మెచ్చుకున్నాడు.

ఫలితం మీద తగాదా లేదు. గ్రాండ్ మాస్టర్, మార్షల్, గ్రాండ్ కోమ్టూరు అందరూ నేలకూలారు. యుద్ధంలో ఉన్న సుమారు 270 మంది సోదరయోధుల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. గెలిచిన సేన శిబిరంలో ద్రాక్షసారా పీపాలు చూసి ఎగబడితే, తాగి పడిపోతారన్న భయంతో యోగైలా వాటిని పగలగొట్టించాడని, ఆ సారా శవాల రక్తంతో కలిసి ఎర్రని వాగై పారిందని డ్లుగోష్ రాశాడు.

లెక్కలపుస్తకం:
అందరూ కత్తుల దగ్గరే ఆగిపోయారు. సంఘాన్ని చంపింది గ్రూన్‌వాల్డ్ కాదని నేను అంటాను. యోగైలా జూలై 26కు గానీ మరియెన్‌బుర్గ్ చేరలేదు. ఈలోగా ష్వెట్స్ కోమ్టూరు హైన్రిక్ ఫాన్ ప్లౌవెన్ మనుషులతో కోటలో చేరి, శత్రువుకు నీడ దొరకకుండా పక్కనున్న తమ ఊరినే తగలబెట్టించాడు. ముట్టడి సెప్టెంబరు 19న ఎత్తేశారు. 1411 ఫిబ్రవరి 1 నాటి టోరున్ సంధిలో సంఘం భూమి పెద్దగా పోగొట్టుకోలేదు. జెమైటియాను కూడా యోగైలా, వీటౌటాస్ బతికి ఉన్నంతకాలానికే వదులుకుంది.

పోయింది డబ్బు. బందీల విడుదలకూ పరిహారానికీ కలిపి లక్ష కోపల ప్రాగ్ గ్రోషెన్ నాణేలు, కోప అంటే అరవై, అంటే అరవై లక్షల వెండి నాణేలు, నాలుగు వాయిదాల్లో కట్టాలి. ప్లౌవెన్ ప్రత్యేక పన్నులు వేశాడు. గ్డాన్స్క్ ఎదురుతిరిగింది. 1411 ఏప్రిల్‌లో ఆ నగర మేయర్ కొన్రాడ్ లెట్స్‌కౌను, మరో ఇద్దరు పెద్దలను మాట్లాడదామని కోటకు పిలిచి చంపేశారు. మాట్లాడదామని పిలవడం ఈ కథలో రెండోసారి! కోటను కాపాడిన ప్లౌవెన్‌ను 1413లో సంఘమే పదవి నుంచి దించింది.

నగరాలూ భూస్వాములూ 1440లో ప్రష్యన్ సమాఖ్యగా ఏకమై, 1454లో సంఘానికి విధేయత ఉపసంహరించుకుని, యోగైలా కొడుకు నాలుగవ కజిమీర్‌ను తమ రాజుగా పిలుచుకున్నారు. పదమూడేళ్ళ యుద్ధం నడిచింది. సంఘం ఎక్కువగా బొహీమియన్ కూలిసైనికుల మీద ఆధారపడింది, జీతాలు ఇవ్వలేక కోటలను వారికి తాకట్టు పెట్టింది. జీతం రాని ఆ సైనికులు 1457లో మరియెన్‌బుర్గ్ కోటనే పోలండు రాజుకు 1,90,000 ఫ్లోరిన్లకు అమ్మేశారు. గ్రాండ్ మాస్టర్ కోనిగ్స్‌బర్గ్‌కు పారిపోయాడు. 1410లో ఫిరంగికి లొంగని కోట బేరానికి లొంగింది.

మల్లెపందిరి:
పద్దు బాగుంది. దానిలో ఒక ఖాతా తగ్గింది: విదేశీ ప్రభువులు రావడం మానేయడం. రైజెల ఆకర్షణ తగ్గినకొద్దీ సంఘం కూలిసైనికులకు డబ్బు పోయవలసి వచ్చింది, మీరు చెప్పిన తాకట్టుకు మూలం అదే. ఆ ఆకర్షణ తగ్గడానికి మూలం లిథువేనియా బాప్తిస్మం. కాన్‌స్టాన్స్‌లో జరిగిన చర్చి మహాసభలో క్రాకో విశ్వవిద్యాలయ పండితుడు పావెల్ వ్లోడ్కోవిట్స్ 1416లో ఇంకా ముందుకు వెళ్ళాడు: అన్యమతస్థులకు కూడా తమ భూమి మీద సహజ హక్కు ఉంది, శాంతియుతంగా బతికేవారిని మతం పేరుతో కొల్లగొట్టడం అధర్మం, బలవంతపు మతమార్పిడి చెల్లదు అన్నాడు. జెమైటియన్ల ప్రతినిధి బృందం కూడా ఆ సభకు వెళ్ళి సంఘం తమను ఎలా పీడించిందో చెప్పుకుంది. అన్నిసార్లు చేతులు మారిన ఆ నేల మనుషులు చివరికి తమ నోటితో మాట్లాడినది అక్కడ. 1422లో మెల్నో సంధితో జెమైటియా శాశ్వతంగా లిథువేనియాకు దక్కింది.

పాతకోట:
ఆ పదమూడేళ్ళ యుద్ధం 1466లో రెండవ టోరున్ సంధితో ముగిసింది. ఆ తరువాత 1525లో గ్రాండ్ మాస్టర్ ఆల్బ్రెక్ట్ లూథర్ మతం పుచ్చుకుని, ప్రష్యాను తన వంశపు డచీగా మార్చుకుని, క్రాకో సంతలో పోలండు రాజు ముందు మోకరిల్లడం. ఆ రాజు యోగైలా మనవడు. ఆల్బ్రెక్ట్ తల్లి ఆ రాజుకు సొంత అక్క.

గోదావరిగట్టు:
అంటే మేనమామ ముందు మోకరిల్లాడన్నమాట! నాలుగోగుర్రం గారూ, ఆ రెండు కత్తులు ఇప్పుడు ఎక్కడున్నాయో ఎవరైనా చెప్పగలరా?

బాల్టిక్‌గాలి:
లేవండి. అవమానించడానికి పంపిన ఆ కత్తులను పోలండు రాజచిహ్నాలలో చేర్చారు. రాజుల పట్టాభిషేకాలలో వాటిని ముందు పట్టుకు నడిచేవారు, ఒకటి పోలండుకు, ఒకటి లిథువేనియాకు గుర్తుగా. పోలండు విభజన తరువాత చేతులు మారి, చివరికి ఒక పల్లెటూరి చర్చి ఫాదరీ ఇంట్లో దాచి ఉండగా, 1853లో సోదాకు వచ్చిన రష్యన్ సాయుధ పోలీసులు వాటిని పట్టుకుపోయారు. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు బొమ్మల్లో, స్మారకాల మీద కనిపించేవన్నీ నకళ్ళే.